నత్తల పరువు నష్టం ఎవరు తీర్చాలి?

ఈ వారం కూడా జిల్లా పేజీలో అదే హెడ్డింగు: ‘నత్తనడకన కలుజు పనులు’. కలుజంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి. పోయిన నెల వంతెన నత్తనడక, అంతకు ముందు కాలువ నత్తనడక. నోరు లేదు కదా, ఎన్నైనా అనొచ్చు. దాని తరఫున నేనడుగుతున్నా. ఏ నత్త?

ఎందుకంటే మంచినీటి నత్తలే ప్రపంచంలో సుమారు 4 వేల జాతులున్నాయి. మా చెరువు తూము దగ్గర మోకాలి లోతులో చెయ్యి పెడితే మూడు నాలుగు రకాలు తగులుతాయి. నిమ్మకాయంత లావున గుండ్రంగా ఉండేది పైలా, డిగ్రీలో జువాలజీ చదివినవాళ్లు రికార్డులో దాని బొమ్మ వేసే ఉంటారు. దానికి మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది, నీళ్లున్నా లేకున్నా డ్యూటీలోనే ఉంటుంది. జిలేబీ చుట్టలా బల్లపరుపుగా ఉండేది ఇండోప్లానార్బిస్. పశువులకు గురక రోగం తెచ్చే పురుగులు ముందు దీని ఒంట్లోనే పెరుగుతాయి, కాబట్టి దీన్ని తిడితే నేను అడ్డం రాను. మొనదేలిన సన్న గుల్ల మెలనాయిడిస్ ట్యూబర్క్యులేటా. దీన్ని 1774లోనే ముల్లర్ అనే డెన్మార్క్ ఆయన కోరమాండల్ తీరపు నత్తగా రాసిపెట్టాడు, అంటే మన వైపుదే. వీటిలో మగవి బహు తక్కువ, ఆడవే ఎవరి సాయం లేకుండా పిల్లల్ని కని చెరువు నింపేస్తాయి. 1774 నుంచి రికార్డున్న ఇంటిదాన్ని తెచ్చి, ఎస్టిమేట్ కాగితమే దొరకని కలుజు పక్కన నిలబెడతారా?

ఒక్కసారి ఈ పని పైలాకి ఇచ్చి చూడాలని నా కోరిక. పొద్దున ఆరింటికి తూము రాతి మీద బయల్దేరుతుంది. వెనక జిగురు గీత పడుతుంది కాబట్టి ఎంత పనయిందో కంటికి కనపడుతుంది, పని కొలతలు రాసే ఎంబుక్‌లో దొంగ లెక్కలు రాసే వీల్లేదు. పని చూసే ఇంజనీరు ఏఈ గారు టేపు పెట్టి చూసి, ‘ఏంది సామీ, నిజంగానే కదిలిందే’ అని హడలిపోయి పై ఇంజనీరు డీఈ గారికి ఫోన్ కొడతారు. డీఈ గారికి ఒకటే టెన్షన్, కదిలిన పనికి బిల్లు పెట్టడం ఆ ఆఫీసులో ఎవరికీ అలవాటు లేదు. ఈలోపు కాంట్రాక్టరు బావమరిది బుల్లెట్ మీద దిగి, ‘అబ్బయ్యా, నువ్విట్టా రోజూ నడిస్తే మా గతేంది, రేట్లు పెరగొద్దా’ అని బతిమాలతాడు. నత్త ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి మూత బిగించుకుంటుంది. ఆ మూత దానికి పుట్టుకతో వచ్చిందే. ఎండాకాలం చెరువు ఎండితే బురదలోకి దిగి, మూతేసుకుని నెలల తరబడి పడుకుని, వాన పడితే లేస్తుంది. కాంట్రాక్టరేమో ఎండల్లో కూలీలు రారంటాడు, వానల్లో నీళ్లొచ్చాయంటాడు. మరి ఆయన లేచేది ఏ కార్తెలో?

లెక్క కూడా వేశాను. నత్త సెకనుకు ఒక్క మిల్లీమీటరే కదులుతుందనుకుందాం, రోజుకు 86 మీటర్లు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు మొదటి సొరంగం 18.8 కిలోమీటర్లు. ఆగకుండా పోతే 218 రోజులు, ఆదివారాలూ పండగలూ ఎన్నికల కోడూ తీసేసినా ఏడాదిలో అవతలి వైపు తేలుతుంది. ఆ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో, ఈ సొరంగం తవ్వకం ముగిసింది 2021లో.

నవ్వొచ్చిందా? నాకు రావడం లేదు. కనిగిరి, మార్కాపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గారపట్టి, నడుములు వంగిపోయినవాళ్లు ఆ నీళ్ల కోసమే చూస్తూ కూర్చున్నారు. 1996లో పుట్టిన పిల్లకు పెళ్లయి బిడ్డలు పుట్టారు, తల్లి బిందె పట్టిన ట్యాంకరు దగ్గరే బిడ్డా బిందె పట్టింది. దీన్ని కూడా ముద్దుగా నత్తనడక అని రాస్తారా? నడక అంటే కదిలినట్టు కదయ్యా! చేయలేదు అని రాయండి. ఎవరు చేయలేదో పేరు పెట్టి రాయండి. పాపం ఆ ప్రాణిని మధ్యలో పెట్టి ఎవరిని కాపాడుతున్నారు?

నిన్న సాయంత్రం కలుజు దాకా పోయొచ్చా. పనికని తోలిన కంకర కుప్ప మీద సర్కారు తుమ్మ మొలిచి నా భుజం దాకా వచ్చింది. కుప్ప పక్కనే తడిమట్టిలో పైలా గుడ్లు, నానేసిన సగ్గుబియ్యంలా తెల్లగా, గుత్తిగా. పోయిన వారం అవి అక్కడ లేవు.