ఒక నిమిషం ముప్పై సెకన్లు

రెండు టీబీల హార్డ్‌డిస్క్ కొన్నాను. అంగట్లో కుర్రోడే సీపీయూలో బిగించి, విండోస్ బదులు నేను వాడే లైనక్స్ అనగానే "అదంతా మీరే చూసుకోండి సార్" అని ముఖం తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి పార్టిషన్ చేసి, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ కొట్టి, సిస్టమ్ మొదలయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో దాని గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాసి, సీపీయూని బల్ల కిందికి తోసి రీస్టార్ట్ కొట్టాను.

అప్పుడే మదనపల్లె నుంచి అక్కాబావలు దిగారు. తిరుపతిలో కాపురమంటే మనం కొండెక్కేది తక్కువ, ఎక్కేవాళ్లకు కాఫీలిచ్చేది ఎక్కువ. వాళ్ల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు నా సిస్టమ్‌లోనే ఉన్నాయి, ప్రింటు తియ్యాలి.

తెర మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి. డిస్కు కోసం చూస్తోందట, గడువు 1 నిమిషం 30 సెకన్లు.

"ఎవురి కోసం కాసుకోని ఉండాదప్పా?" అన్నాడు బావ.

"కొత్త డిస్కు కోసం."

"అది లోపలే ఉండాది గదా!"

గడువు అయింది. ఎమర్జెన్సీ మోడ్. ఆ మాట చదివి బావ లేచి నిలబడ్డాడు. వంటింట్లోంచి అక్క గరిటెతో సహా వచ్చింది. కింద ఇంకో వరుస: రూట్ అకౌంటుకు (సిస్టమ్ మీద సర్వాధికారాలున్న అకౌంటు) తాళం వేసి ఉంది, లోపలికి వదల్లేను, కొనసాగాలంటే ఎంటర్ నొక్కండి. నొక్కాను. మళ్లీ చుక్కలు, మళ్లీ ఒకటిన్నర నిమిషం, మళ్లీ అదే తాళం. బావ "గట్టిగా నొక్కు" అన్నాడు. గట్టిగా నొక్కాను. అక్క "గోవిందా అని నొక్కరా" అంది. అలాగే నొక్కాను. గోవిందా!

అసలు సిస్టమంతా పాత ఎస్‌ఎస్‌డీలో ఉంది. కొత్తది ఫోటోలు పెట్టుకోడానికి. అది కనబడకపోతే మిగతా బండి లాగించొచ్చు కదా? లాగించదు. రూట్‌కు పాస్‌వర్డ్ పెట్టకపోవడం భద్రతట. ఎవరి భద్రతో!

లైనక్స్ మొదలవక ముందే వచ్చే గ్రబ్ మెనూలో దూరి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో నోఫెయిల్, అంటే ఈ డిస్కు లేకపోయినా ఆగొద్దు అని చేర్చాక దారికొచ్చింది. మూత విప్పి చూస్తే డిస్కును కలిపే శాటా కేబుల్ సగమే దూరి ఉంది. 'మీరే చూసుకోండి' అన్నది దీని గురించి కూడా కాబోలు.

ఈలోగా బావ ఫోన్లోనే టికెట్లు దించుకుని, లీలామహల్ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకొచ్చాడు. వచ్చీ రాగానే తెరలోకి తొంగి చూశాడు.

"రెండని కొంటివి, 1.8 అంటాదే?"

"కంపెనీవాళ్లు వెయ్యితో లెక్కేస్తారు బావా, ఇది 1024తో."

"వాడుకునేదానికి 1.7నే అంటాదే?"

"అయిదు శాతం రూట్‌కి పక్కన పెడుతుంది."

"ఇందాక మనల్ని లోపలికి వదల్లేదే, వాడికా?"

"వాడికే."

"తలుపు తియ్యనోడికి నూటికి అయిదు తరుగా! మా టమాటా మండీవాళ్లే నయమప్పా."