పదో వంతు ప్రయాణికుడు

రెండేళ్లు నిండని పిల్లవాడు మనిషిలో పదో వంతు. ఈ మాట మన శాస్త్రాల్లో ఎక్కడా లేదు, విమానయాన సంస్థల ఛార్జీల పట్టికలో ఉంది. దేశాలు దాటే విమానంలో ఒళ్లో కూర్చునే బిడ్డకి మామూలుగా పెద్దవాళ్ల ఛార్జీలో 10 శాతం తీసుకుంటారు, పన్నులు అదనం. మన ఇళ్లలోనేమో అదే పిల్లవాడు పదిమంది పెట్టు. శంషాబాద్ నుంచి గల్ఫ్ మీదుగా డాలస్ దాకా ముప్పై గంటల ప్రయాణమంతా ఈ రెండు లెక్కల మధ్య తేడాని ఎవరు మోయాలన్న తగువే. ఇంతవరకూ వచ్చిన తీర్పులన్నీ తల్లి భుజాల మీదికే వచ్చాయి. తండ్రి బోర్డింగ్ పాసులు మోస్తాడు.

టికెట్టు పదో వంతైనా కాగితాలు నిండు మనిషివే. పది నెలల పసివాడికి సొంత పాస్‌పోర్టు, సొంత వీసా ఉండాలి. నాలుగేళ్ల లోపు పిల్లల ఫొటో మనమే తీయించి పట్టుకెళ్లాలి: 4.5 బై 3.5 సెంటీమీటర్లు, వెనక తెల్లటి తెర, కళ్లు తెరిచి, నోరు మూసి. పసివాడు మెలకువగా ఉండి నోరు మూసుకునే క్షణాలు రోజుకి ఒకటో రెండో కాబట్టి, తెల్ల దుప్పటి మీద వెల్లకిలా పడుకోబెట్టి పైనుంచి తీయడమే దారి. బుగ్గ మీది దిష్టిచుక్క ముందే తుడవాలి. అమ్మమ్మగారి అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాసుకోవచ్చు. ఇంత అవస్థపడి తీయించిన పాస్‌పోర్టు ఐదేళ్లు చెల్లుతుంది. అందులోని ముఖం ఐదు నెలలు చెల్లుతుంది.

ముహూర్తం విషయంలో కూడా జాగ్రత్త. బిడ్డది ఏ నక్షత్రమైనా సంస్థ చూసేది ఒక్కటే, ప్రయాణం నాటికి రెండేళ్లు నిండాయా లేదా అని. వెళ్లేటప్పుడు ఇరవై మూడు నెలలు, వచ్చేటప్పుడు ఇరవై ఐదు అయితే తిరుగు ప్రయాణానికి సొంత సీటు కొనాల్సిందే. చాలామందికి ఈ సంగతి అమెరికాలో కేకు కోశాక తెలుస్తుంది.

ఇక ఒడి. పౌర విమానయానంలో ఒడి అంటే అనురాగం కాదు, అధికారిక ఆసనం. గల్ఫ్ విమానంలో తల్లి బెల్టుకి తగిలించుకునే బుల్లి బెల్టు ఒకటి ఇస్తారు. డాలస్‌లో దిగి అమెరికా సంస్థ విమానంలోకి మారితే ఆ బుల్లి బెల్టు నిషిద్ధం, చేతులతోనే పట్టుకోవాలి. అక్కడ ప్రమాదాలని దర్యాప్తు చేసే బోర్డు బిడ్డకీ ఒక సీటు ఉండాలని ఏళ్ల తరబడి మొత్తుకుంటోంది. విమానయాన శాఖ ఎఫ్ఏఏ 2005లో తప్పనిసరి చేయబోమని తేల్చేసింది. వాళ్లు చెప్పిన కారణం వినదగ్గది: సీటు కొనమంటే ఖర్చు పెరుగుతుంది, కుటుంబాలు కార్లలో బయల్దేరతాయి, రోడ్డు విమానం కంటే ప్రమాదం. ఒహాయో నుంచి ఫ్లోరిడాకి ఈ వాదన నిలుస్తుంది. శంషాబాద్ నుంచి డాలస్‌కి ఇన్నోవాలో బయల్దేరే కుటుంబాలని కూడా శాఖవారు దృష్టిలో పెట్టుకునే ఉంటారు.

ఆక్సిజన్ మాస్కుల దగ్గర మాత్రం పదో వంతు లెక్క చెల్లదు, పసివాడికీ నిండు మాస్కే. వరసలో ఒక పక్క ఉన్న సీట్లన్నిటికీ కలిపి సాధారణంగా ఒక్కటే అదనంగా ఉంటుంది. అందుకని ఒళ్లో బిడ్డలున్న ఇద్దరిని ఒకే పక్కన కూర్చోబెట్టరు. కవలలు పుట్టిన మొగుడూ పెళ్లాలు నడవాకి చెరో వైపు.

బారసాలనాడు చూసిన ఉయ్యాల మళ్లీ విమానంలో కనిపిస్తుంది. క్యాబిన్‌లో అడ్డుగోడ ఉన్న చోట తగిలిస్తారు. టికెట్టు కొన్న రోజే ఫోన్ చేసి అడగాలి. దొరికినా ఖాయమని ఎవరూ మాటివ్వరు. అది మోసే బరువు సంస్థని బట్టి మారుతుంది, 10, 11 కిలోలు మామూలు. పది నెలల పిల్లవాడు బరువులో నెగ్గి పొడుగులో ఓడిపోతాడు. పైగా సీటు బెల్టు దీపం వెలిగితే బిడ్డని ఎత్తి ఒళ్లో పెట్టుకోవాలి. నిద్రపుచ్చడానికి నలభై నిమిషాలు, చిన్న కుదుపుకి గంట టంగుమనడానికి ఒక్క క్షణం. ఆ వరసలో ట్రే చేతిపట్టెలో ముడుచుకుని ఉంటుంది, కాబట్టి పట్టె పైకి లేవదు, బిడ్డని రెండు సీట్ల మీద అడ్డంగా పడుకోబెట్టడం కుదరదు. ముందు సీటే లేదు గనక దాని కింద ఉండాల్సిన డైపర్ల సంచి నెత్తిమీది అరలోకి పోతుంది. ఆరు నెలల లోపు వాళ్లకి ఉయ్యాల వరస, తొమ్మిది దాటినవాళ్లకి పట్టెలు లేచే మామూలు వరస మేలని ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం.

అసలు రాజకీయమంతా తిండిలో ఉంది. క్యాబిన్‌లోకి 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు పనికిరావన్న నిబంధన పసిపిల్లల పాలకీ తిండికీ లేదు. ప్రయాణానికి సరిపడా తీసుకెళ్లొచ్చు, తనిఖీలో విడిగా తీసి చూపించాలి. ఈ ఒక్క సడలింపు మీద తెలుగు కుటుంబాలు సామ్రాజ్యాలు కట్టాయి. బియ్యం, పెసరపప్పు, కందిపప్పు దోరగా వేయించి, చిటికెడు వాము వేసి విసిరిన ఉగ్గుపొడిని అమ్మమ్మ కిలో కట్టిస్తుంది. పొడి శ్రేష్ఠమైనదే. కాకపోతే ఉగ్గు ఉడకాలి, పొయ్యి మీద కలియబెడుతూ ఉడికిస్తే గాని పచ్చి పోదు. విమానంలో ఇచ్చేవి వేడినీళ్లు, పొయ్యి కాదు. ఆ నీళ్లలో కలిపిన ఉగ్గు ముందు గిన్నెలో ఉండలు కడుతుంది, తర్వాత కడుపులో వాయువై అట్లాంటిక్ మీద తన వాదన వినిపిస్తుంది. దీనికి విరుగుడు అటుకుల పొడి. అటుకులు తయారీలోనే ఉడికినవి. వేయించి మెత్తగా పొడి చేసుకుంటే, రెండు పెద్ద చెంచాల పొడికి అరగ్లాసు వేడినీళ్లు పోసి ఐదు నిమిషాలు మూతపెడితే జావ తయారు. అరటిపండు మెదిపి కలిపితే విందు. డబ్బాపాల వాళ్లు ఒక్కో పూటకి కొలిచిన పొడిని విడివిడి డబ్బాల్లో పెట్టుకోవాలి. సీసాలు కడగడానికి చోటుండదు, నాలుగైనా ఉండాలి. కలిపిన పాలు రెండు గంటల్లో తాగకపోతే పారబోయాల్సిందే, నాన్నమ్మ ఎన్ని నిట్టూర్పులు విడిచినా సరే.

అదే సామానులో తాతగారు చాటుగా దూర్చిన ఎండుకొబ్బరి చిప్పలుంటాయి. నూనె ఉన్న సరుకు కాబట్టి విమానాల లెక్కలో అది తనంతట తాను అంటుకునే ప్రమాదకర పదార్థం. వసకొమ్మునైతే అమెరికా 1968లోనే ఆహార పదార్థాల్లో వాడకూడదని నిషేధించింది.

సాగనంపడానికి రెండు బండ్ల నిండా జనం వస్తారు. టికెట్టు లేనివాళ్లని టెర్మినల్‌లోకి రానివ్వరు గనక, గుమ్మం బయటే పద్నాలుగు మంది ముద్దులు పెట్టి పిల్లవాడి నిద్ర కాస్తా చెడగొట్టి వెళ్తారు. వాళ్లలో చదువుకోని వైద్యుడొకడు తప్పకుండా ఉంటాడు: "జలుబు మందు ఒక మూత పోసెయ్యమ్మా, డాలస్ దాకా కన్ను తెరవడు." నిద్రమత్తు తెచ్చే ఆ మందులు కొందరు పిల్లల్లో తిరగబడి పూనకం తెప్పిస్తాయి. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకి వాడరాదని సీసా మీద రాయమని 2023 డిసెంబరులో మన ఔషధ నియంత్రణ సంస్థే ఆదేశించింది.

లోపల వెండి మొలతాడు కుయ్యిమంటుంది. స్ట్రోలర్ మడిచి ఎక్స్‌రేలో పెట్టాలి, చంకలో పిల్లవాడు, చేతిలో చెప్పులు. తిరుమలలో ఏడాది లోపు బిడ్డ ఉంటే సుపథం గుండా దర్శనానికి పంపుతారు. ఆ అలవాటున్నవాళ్లు గేటు దగ్గర "పసిపిల్లలున్నవారు ముందు రండి" అనగానే పరిగెత్తుతారు. ఇక్కడ ముందు వెళ్తే దక్కేది దర్శనం కాదు, కదలని విమానంలో అదనంగా నలభై నిమిషాల జైలు. సంచులతో ఒకరు ముందు ఎక్కాలి, బిడ్డతో రెండోవారు చివర్లో రావాలి.

చెవుల సంగతి అందరూ సగమే చెబుతారు. లేచేటప్పుడు పాలు పట్టమంటారు, తల్లి పడుతుంది, బిడ్డ హాయిగా పడుకుంటాడు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. దిగేటప్పుడు ఆ ఒత్తిడి పెరుగుతుంటే చెవిలోపలి సన్నటి గొట్టం మూసుకుపోయి అసలు నొప్పి అప్పుడే పుడుతుంది. గుటక వేస్తే అది తెరుచుకుంటుంది. చక్రాలు నేల తాకే అరగంట ముందే దిగడం మొదలవుతుంది కాబట్టి, ఒక పూట పాలు అప్పటికే దాచుకుని, పడుకున్న బిడ్డనైనా లేపి పట్టాలి. పక్క సీటు పెద్దాయన "నిద్రపోయే పిల్లాణ్ణి లేపుతారేమిటండీ" అంటాడు. లేపకపోతే పది నిమిషాల్లో ఆయనే లేస్తాడు.

డైపర్లు: మూడు గంటలకొకటి లెక్కన పది, గేటు దగ్గర ఆలస్యానికి ఐదు. బల్ల ఉన్న మరుగుదొడ్డి తలుపు మీద బొమ్మ ఉంటుంది. లోపల ఇద్దరు పట్టరు, అందుకని ఒక డైపరు, తుడిచే కాగితాలు, ఒక కవరు మాత్రం పట్టుకెళ్లాలి. బిడ్డకి మూడు జతల బట్టలు పెట్టుకునే తల్లులు తమకొకటి పెట్టుకోవడం మరిచిపోతారు. వీపు మీద ఆరు హుక్కులున్న పట్టు లంగా జాకెట్టుని ఆ బల్ల మీద విప్పినవారికి మాత్రం ప్రభుత్వం ఏదైనా బిరుదు ఇవ్వాలి.

డాలస్‌లో దిగగానే ఒడి నేరమైపోతుంది. గంటకి తొమ్మిది వందల కిలోమీటర్ల వేగంలో పనికొచ్చిన ఆసనం, టెక్సస్ రోడ్డు మీద ఇంటి దాకా పనికిరాదు. కారు సీటు లేకుండా పసివాణ్ణి ఎక్కించకూడదు, తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు ముందే బిగించి తేవాలి.

ఆ రాత్రి రెండు గంటలకి పదో వంతు ప్రయాణికుడు నిండుగా కళ్లు తెరుస్తాడు. వేసవిలో డాలస్‌కీ మనకీ పదిన్నర గంటల తేడా, అంటే హైదరాబాదులో మధ్యాహ్నం పన్నెండున్నర. సరిగ్గా అప్పుడే వీడియో కాల్ వస్తుంది. అవతల అమ్మమ్మ కంచంలో పప్పన్నం కలుపుతూ ఉంటుంది. "ఏమే, వాడికి అన్నం పెట్టావా?"