సిపాయి చెవికి కాపలా

తెల్లదొరల సర్కారును మనవాళ్లు ఊరికే ఆడిపోసుకుంటారు గానీ, సిపాయి మీద దానికున్న మమకారం కన్నతల్లికి కూడా ఉండదు. మెసపొటేమియా ఇసుకలో గుళ్లకు రొమ్ము ఎదురొడ్డమని పంపుతుంది, చెవిలో మాత్రం పరాయి మాట పడనివ్వదు. అందుకే శిక్షాస్మృతిలో 131వ సెక్షన్ పెట్టింది: సిపాయి మనసు విరిచినవాడికి యావజ్జీవం దాకా వడ్డించవచ్చు. (దొరలతోపాటే పోయిందనుకునేరు. 2024లో కొత్త భారతీయ న్యాయ సంహితలో 159గా నంబరు మార్చుకుని క్షేమంగా ఉంది.)

1921 జులైలో, టర్కీ ఖలీఫా పక్షాన కరాచీలో కూడిన ఖిలాఫత్ మహాసభ సరిగ్గా ఆ చెవిలోనే ఊదింది. బ్రిటిష్ సైన్యంలో కొలువు ముసల్మానుకు హరామ్, అంటే మతం ఒప్పని పని, అని తీర్మానించింది. అది విని పటాలాలు తుపాకులు పారేసి ఇళ్లకు పోయాయా అంటే, లేదు. పోలేదని సర్కారు ఊరుకుంటుందా? రేపు పోతే?

సెప్టెంబరు 14న మద్రాసు వెళ్లే రైలు మన వాల్తేరులో ఆగింది. సభలో మాట్లాడదామని గాంధీ, మౌలానా మహమ్మదలీ స్టేషను బయట నాలుగడుగులు వేశారో లేదో, పోలీసులు నోటీసు చేతిలో పెట్టారు. మౌలానా దాన్ని పైకి చదవబోతే, పూర్తికాకుండానే చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. సబబే. సర్కారు రాసిందైనా సరే, నలుగురిలో చదివితే ఏ సిపాయి వింటాడో ఎవరు చూడొచ్చారు!

కరాచీలో ఖాలిక్‌దీనా హాలును కోర్టుగా మార్చి, ఆ తీర్మానం నేరమంటూ అలీ సోదరులతో (మహమ్మదలీ, ఆయన అన్న షౌకతలీ) కలిపి ఏడుగురిని నిలబెట్టారు. అందులో ఒకరు ద్వారకా శారదాపీఠం శంకరాచార్యులు. ముసల్మానుకు ఏది హరామో చెప్పిన నేరంలో పీఠాధిపతికి వాటా! హిందూ ముస్లిం ఐక్యత కోసం గాంధీ పడ్డ పాట్లన్నీ ఒక ఎత్తు, ఈ అభియోగపత్రం ఒక్కటీ ఒక ఎత్తు. చివరికి స్వామివారిని వదిలేసి, మిగతా ఆరుగురికీ రెండేళ్ల కఠిన శిక్ష వేశారు.

తీర్పు రాకముందే కొంప మునిగింది. అక్టోబరు 4న గాంధీ, మరెందరో నాయకులు అదే మాట రాసి సంతకాలు పెట్టారు. 16న ఊరూరా కాంగ్రెస్ సభల్లో అదే తీర్మానం. అప్పుడు సర్కారుకు ఉన్నట్టుండి చెవుడొచ్చింది. ఏడుగురంటే కుట్ర, దేశమంతా అంటే గాలిమాట. పాలించేవాళ్లకు ఈమాత్రం లెక్కలు రావాలి.

ఆ చెవుడు నయమైంది 1922 మార్చిలో. చౌరీచౌరా తర్వాత సహాయ నిరాకరణ ఉద్యమం ఆగి, జనం ఇళ్లకు చేరాక. సిపాయిల రాజభక్తి గురించి గాంధీ అంతకుముందు సెప్టెంబరులోనే యంగ్ ఇండియాలో రాసిన వ్యాసాన్ని బయటికి తీసి, తోడుగా ఇంకో రెండు చేర్చి, రాజద్రోహమని తేల్చి ఆరేళ్లు వేశారు.