ప్యాకింగే కదా అని వదిలేయకండి

మా నాన్నగారి అంబాసిడర్ 1984 మోడల్. విజయనగరం చుట్టుపక్కల ఎన్ని పెళ్లిళ్లకు తిరిగిందో లెక్కలేదు. ఐదేళ్ల క్రితం దాని ఇంజన్ దింపించి, అరిగిన సిలిండర్లని తొలిపించి బోర్ చేయించాను. పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ దగ్గరుండి ఏరి కొన్నాను. ప్యాకింగ్ సెట్టు, అంటే ఇంజన్ భాగాల మధ్య ఆయిలూ నీళ్లూ కారకుండా వేసే గాస్కెట్లు, మాత్రం షెడ్డువాళ్లనే తెచ్చి వేసేయమన్నాను. అది తప్పని తెలియడానికి మూడు నెలలు పట్టింది.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఆయిల్ లైటు మిణుకుమంది. ఇంజన్ అక్కడే ఆపేసి, బండిని వెనక్కి సాలూరు లాగించాను. లారీల ఊరు కాబట్టి పనితెలిసిన చేతులకు కొదవలేదు. ఒక పెద్దాయన ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి, అదే సంపు, విప్పాడు. ఆయిల్ పంపు జాలీ నిండా, ప్యాకింగ్‌కి బదులు ట్యూబులోంచి పూసే ఎర్రటి సిలికాన్ ముక్కలు, వానపాముల్లా చుట్టుకుని ఉన్నాయి. ఒకటి లాగి నా అరచేతిలో పెట్టి, "ఏటి బావు, ప్యాకింగ్ ఎయ్యమంటే లప్పం పెట్టీసినారు" అన్నాడు. క్రాంక్ బేరింగులు అప్పటికే గీసుకుపోయాయి.

అప్పట్నుంచి ఈ సిలికాన్ ట్యూబు అలవాటు మీద నాకు తగని కోపం. సంపు అంచుకి దట్టంగా పూసి బిగిస్తే కొంత బయటికి వస్తుంది, దాన్ని గుడ్డతో తుడిచేస్తాం. అంతే మందు లోపలికీ వస్తుంది. దాన్ని తుడిచేవాడు లేడు. వేడికి, ఆయిల్‌కి ఊడి జాలీకి పట్టుకుంటుంది, పంపుకి ఆయిల్ అందదు. మూలల్లో, రెండు ప్యాకింగ్‌లు కలిసేచోట చిన్న చుక్క పెట్టడం వేరు. ఇంజనంతా పులమడం వేరు.

రెండోసారి ఇంజన్ కట్టినప్పుడు రోజంతా పక్కనే కూర్చున్నాను. ముందు హెడ్ ప్యాకింగ్ సంగతి, అంటే సిలిండర్లుండే బ్లాకుకీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్డుకీ మధ్య వేసేది. "అంబాసిడర్ హెడ్ ప్యాకింగ్ ఇవ్వండి" అని అడిగితే సరిపోదు. పాత బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) పెట్రోల్ ఇంజనూ 1489 సీసీయే, డీజిల్ ఇంజనూ 1489 సీసీయే, ఆ తర్వాత వచ్చిన ఇసుజు 1800 ఇంకొకటి. నాకు మొదట చేతికొచ్చింది డీజిల్‌ది. పాత ప్యాకింగ్ దాచి ఉంచాను కాబట్టి పక్కన పెట్టి చూడగానే తేడా తెలిసింది. కొత్తది చేతికొచ్చి సరిచూసుకునే దాకా పాతది పారేయకండి. పశ్చిమ బెంగాల్ ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పారేసిన ముక్కని చూసి పోల్చుకునే అవకాశం మళ్లీ రాదు.

బోర్ చేయించినవాళ్లు ఇంకొకటి చూడాలి. ఈ ఇంజన్ అసలు బోరు దాదాపు 73 మి.మీ. ఓవర్‌సైజు పిస్టన్లు వేశాక సిలిండర్ వెడల్పవుతుంది, ప్యాకింగ్ కన్నం మాత్రం పాత కొలతలోనే ఉండొచ్చు. బ్లాకు మీద పొడిగా పరిచి పైనుంచి చూడండి. ప్యాకింగ్ అంచు సిలిండర్లోకి తొంగిచూస్తోందంటే అది మంటలో కణకణలాడి కాలిపోతుంది, స్పార్క్ రాకముందే పెట్రోల్ అంటుకునేలా చేస్తుంది. నీళ్ల కన్నాలు, ఆయిల్ కన్నం ఒక్కొక్కటీ సరిపోయాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఇక అసలు విషయం ముఖం. హెడ్డు, బ్లాకు ఒకదానికొకటి ఆనే ముఖాలు. గీతని, గుంటని, వంకరని ప్యాకింగ్ పూడ్చదు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి, కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ ఆకు (సందు కొలిచే పల్చటి రేకు) దూరుతుందేమో నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చూశాం. మధ్యలో దూరింది. హెడ్డుని లేత్ షాపుకి పంపి ముఖం చదును (ఫేసింగ్) చేయించాం. మొదటిసారి ఎవరూ ఈ ఆకు పెట్టి చూడలేదు. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు స్క్రూడ్రైవర్ వాడొద్దు, ఎమరీ అసలొద్దు, దాని పొడి ఆయిల్ దారుల్లోకి పోతుంది. ఇంకోమాట, పాత హెడ్ ప్యాకింగ్‌ల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకి గాలి కొట్టి ఊదుతుంటారు మన కుర్రాళ్లు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. తడిపి గీకండి, తడిగుడ్డతో తుడవండి. షెడ్డు యజమానులు ఈ ఒక్కటైనా పట్టించుకోవాలి.

కార్క్ ప్యాకింగ్‌ల దగ్గర నాకు పెద్దాయన చేతిపని కళ్లారా చూసే అదృష్టం దొరికింది. సంపు కార్క్ ఏళ్ల తరబడి షాపులో ఎండి కుంచించుకుపోయింది, బోల్టు కన్నాలు వేలెడు దూరంలో ఉన్నాయి. లాగి తగిలిస్తే చిరిగేది. ఆయన బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో వేసి టీకి వెళ్లాడు. వచ్చేసరికి సాగి, కన్నం మీద కన్నం కూర్చుంది. ఈలోపు సంపు అంచుని చదును ఇనుప దిమ్మ మీద బోర్లించి, అంతకుముందు పానా బలంగా తిప్పి తిప్పి లోపలికి గుంటలు పడ్డ బోల్టు కన్నాలన్నిటినీ సుత్తితో మెల్లగా కొట్టి సమం చేశాడు. కారడానికి సగం కారణం ఆ గుంటలే. వాల్వ్ కవరుకీ, మానిఫోల్డ్ వెనకున్న రెండు సైడ్ కవర్లకీ ఇదే మాట. ఎక్కువ బిగిస్తే కార్క్ పిండైపోతుంది, రేకు వంగుతుంది, ఇంకా కారుతుంది.

పెట్రోల్ పంపుకి పేపర్ ప్యాకింగ్ కోసేటప్పుడు పాతదాని మందమే వాడాలి. మందం మారితే లివరు తోసే దూరం మారుతుంది.

హెడ్డు నట్లు పదకొండు. నడిమి నుంచి చివర్లకి, మూడు విడతల్లో, బిగింపు బలం కొలిచి చూపే టార్క్ రెంచితో బిగించాలి. "నా చెయ్యే టార్క్ రెంచి" అనే మేస్త్రీలంటే నాకు గౌరవమే. కానీ చేతికి ఉదయం ఒక బలం, మధ్యాహ్నం ఒక బలం. ఒకసారి ఇంజన్ వేడెక్కి పూర్తిగా చల్లారాక ఈ రాగి ప్యాకింగ్ కాస్త కూర్చుంటుంది, నట్లు మళ్లీ మాన్యువల్ అంకెకి తేవాలి, తర్వాత ట్యాపెట్లు (వాల్వుల దగ్గర సందు) సెట్ చేయాలి. బండి డెలివరీ ఇచ్చాక ఈ రెండో బిగింపుకి రమ్మని ఎవరూ పిలవరు. మీరే వెళ్లి అడగండి.

గేర్‌బాక్స్ ముందు కిందనుంచి ఒకటీ అరా చుక్క పడితే మళ్లీ సిలికాన్ జోలికి పోకండి. ఈ ఇంజన్ క్రాంకుకి వెనక సీలే లేదు, ఆయిల్‌ని తిరిగి ఇంజన్లోకి తోసే మరచుట్టు మాత్రం ఉంది. ధారగా కారుతుంటే ముందు బ్రీదర్ గొట్టం మూసుకుపోయిందేమో చూడండి. గాలి బయటికి పోయే దారి లేకపోతే ఏ ప్యాకింగూ ఆగదు.

నా దగ్గర పెట్రోల్ 1489కి సైడ్ కవర్ కార్క్‌లు రెండు జతలు అదనంగా ఉన్నాయి. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఎవరైనా ఇంజన్ దింపుతుంటే అడగండి, ఊరికే ఇస్తాను. మీ పాతవి మాత్రం పట్టుకురండి, పక్కపక్కన పెట్టి చూసే ఇస్తాను.