1.25 తప్పంట, ఒకటింపావు అయితేనే రైటంట

ఇప్పుడే స్కూలు నుంచి వచ్చాను. చేతిసంచి పక్కన పడేసి కూర్చుని రాస్తున్నా. రాయకపోతే ఈ కోపమంతా ఇంట్లోవాళ్ళ మీద పడుతుంది.

మా అమ్మాయి ఏడో తరగతి. యూనిట్ టెస్ట్ లెక్కల పేపర్లు నిన్న ఇచ్చారు. 3/4 + 1/2 విలువ కనుక్కోమని ప్రశ్న, రెండు మార్కులు. ఇది 1.25 అని రాసింది. దాని మీద ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టారు. ఎంత గట్టిగా గీశారంటే పేజీ తిప్పితే వెనకవైపు వేలికి గాడి తగులుతోంది. పక్కన సున్నా, ఆ సున్నా కింద రెండు గీతలు.

"ఎలా చేశావమ్మా?" అని అడిగా. "ముప్పావూ అరా కలిపితే ఒకటింపావు కదమ్మా. ఒకటింపావు అంటే ఒకటి పాయింట్ రెండు ఐదు" అంది. క.సా.గు. తీయలేదు, హారాలు సమానం చేయలేదు, నోటితో చేసేసింది. పచారీ కొట్లో ముప్పావు కిలో కందిపప్పు, అరకిలో పెసరపప్పు తూయించి మొత్తం ఎంతయిందో చెప్పే పిల్ల అది. నేనైతే ఎత్తుకుని ముద్దుపెట్టుకునేదాన్ని. స్కూల్లో సున్నా వేశారు.

నేను పనిచేసే మిల్లులో గంట పర్మిషన్ తీసుకుని స్కూలుకి వెళ్ళా. లెక్కల మేడమ్ ఏమన్నారో అలాగే రాస్తున్నా. "ఆన్సర్ కీలో వన్ అండ్ వన్ బై ఫోర్ అని ఉందండీ. డెసిమల్‌లో రాస్తే మార్కులు వేయొద్దన్నారు." ఎవరన్నారు? "పైనుంచి." ప్రశ్నలో భిన్నరూపంలోనే రాయమని ఎక్కడుంది? లేదు, విలువ కనుక్కోమనే ఉంది. "అయినా స్టెప్స్ లేవు కదండీ, కాపీ కొట్టిందేమో మాకెలా తెలుస్తుంది?"

ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కపిల్ల పేపర్లో 1¼ అని ఉంటే, దాన్ని చూసి కాపీ కొట్టినది 1.25 అని ఎందుకు రాస్తుంది?

అదే పుస్తకంలో అకరణీయ సంఖ్యల పాఠం కూడా ఉంది. పీ, క్యూ పూర్ణసంఖ్యలై, క్యూ సున్నా కాకుండా, పీ బై క్యూ రూపంలో రాయగలిగేది ఏదైనా అకరణీయ సంఖ్యే అని పిల్లలతో పదిసార్లు రాయిస్తారు. 1.25 అంటే 125/100. కొట్టివేతలు చేస్తే 5/4. 5/4 అంటే 1¼. చీర కట్టుకున్నా చుడీదార్ వేసుకున్నా నేను నేనే కదా! ఆ పాఠం చెప్పేది కూడా ఈ మేడమే. పాఠంలో రెండూ ఒకటే, పరీక్షలో మాత్రం ఒకటి రైటు, ఒకటి తప్పు. ఇక పిల్ల ఏది నమ్మాలి?

చుక్క పెట్టి రాసే సంఖ్యంటే అసలు ఏమిటో మన పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పడం లేదు. 0.35 పెద్దదా 0.5 పెద్దదా అని మా అపార్ట్‌మెంట్ పిల్లల్ని అడిగి చూశా. ఆరుగురిలో నలుగురు 0.35 అన్నారు. ముప్పై ఐదు కంటే ఐదు చిన్నది కాబట్టట. పిల్లల్ని ఏమీ అనలేను. 0.35ని "సున్నా పాయింట్ ముప్పై ఐదు" అని చదవడం నేర్పింది పెద్దవాళ్ళే. "పాయింట్ మూడు ఐదు" అని, అంటే పదింట మూడూ వందింట ఐదూ అని చెప్పి ఉంటే ఆ తప్పు చేయరు.

పెద్దయ్యాక ఈ చుక్క ఎంత నష్టం చేస్తుందో చూడండి. మా వారి పొలం ఇక్కడే ఖమ్మం దగ్గర. మా పుట్టింటివాళ్ళది కృష్ణా జిల్లా. కాగితం మీద 2.20 అని ఉంటే ఇక్కడ రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. అదే 2.20 మా పుట్టింటి దగ్గర రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు. రాసింది ఒకటే, మధ్యలో ముప్పై సెంట్లు తేడా. ఆ ముప్పై సెంట్ల కోసం మా బంధువుల్లో ఇద్దరు అన్నదమ్ములు ఈరోజుకీ మాట్లాడుకోరు. పెళ్ళికి వస్తే ఒకరు ఈ పందిరి కింద, ఒకరు ఆ పందిరి కింద. చుక్క తర్వాత ఉన్నది వందింట ఇరవయ్యా, నలభై గుంటల్లో ఇరవయ్యా అని ఏడో తరగతిలో ఒక్క పీరియడ్ చెప్పి ఉంటే పంపకాల రోజు ఒక్కరైనా అడిగేవారు కదా.

క్రికెట్ కూడా అంతే. ఐపీఎల్ వస్తే మా వీధి పిల్లలంతా టీవీ ముందే. 19.3 ఓవర్లు అంటే పందొమ్మిది ఓవర్ల మూడు బంతులు. ఆరు బంతుల్లో మూడు, అంటే సగం. నెట్ రన్ రేట్ లెక్క కట్టేటప్పుడు దాన్ని 19.5గా తీసుకోవాలి. ఈ ఒక్క ఉదాహరణ చెబితే వెనక బెంచీ పిల్లాడు కూడా లేచి కూర్చుంటాడు. కానీ క్లాసులో చెప్పరు, వర్క్‌షీట్‌లో లేదు కాబట్టి.

వర్క్‌షీట్లంటే గుర్తొచ్చింది. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని వేరే పుస్తకం అంటగడతారు, దానికి వేరే ఫీజు. అందులో అప్పుడే ఘాతాంకాలు, ప్రామాణిక రూపం, పదికి మైనస్ ఏడో ఘాతం. భూమికీ చంద్రుడికీ మధ్య దూరం 3.84 × 10⁵ కిలోమీటర్లు అని గడగడా అప్పజెప్పేస్తారు. "అంటే ఎన్ని లక్షలు?" అని అడిగితే నోరు పెగలదు. సుమారు మూడు లక్షల ఎనభై నాలుగు వేలు అని చెప్పగలిగితే కదా ఆ రూపం దేనికో తెలిసినట్టు!

మా మిల్లులో కొత్తగా చేరిన అబ్బాయి ఉన్నాడు. డిగ్రీ పాసయ్యాడు, బుద్ధిమంతుడు. మొన్న రైతుల ఆధార్ నంబర్లు ఎక్సెల్‌లో కొడుతూ హడావిడిగా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, సిస్టమ్‌కి వైరస్ వచ్చింది, నంబర్లన్నీ మారిపోయాయి." వెళ్ళి చూస్తే గడిలో 4.56789, దాని పక్కన ఇంగ్లీషు E అక్షరం, ప్లస్ 11. పన్నెండంకెల నంబరు కదా, ఎక్సెల్ దాన్ని 4.56789 × 10¹¹ అని కుదించి చూపిస్తోంది, అంతే. గడిని టెక్స్ట్‌గా మార్చి కొడితే సరిపోతుంది. బ్యాంకు ఖాతా నంబర్లయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పదిహేను అంకెలు దాటితే ఆ తర్వాతి అంకెల్ని సున్నాలు చేసేస్తుంది, అవి మళ్ళీ రావు. రైతు డబ్బులు ఇంకెవరి ఖాతాలోనో పడితే ఎవరు జవాబుదారీ? ఆ అబ్బాయి పదో తరగతిలో లెక్కల్లో పదికి పది గ్రేడు తెచ్చుకున్నవాడు. ప్రామాణిక రూపం మీద రెండు మార్కుల ప్రశ్న రాసి వచ్చాడు కానీ, అది కంటి ముందుకొస్తే గుర్తుపట్టలేకపోయాడు. నాకు వాడి మీద కోపం రాలేదు, వాడికి అలా నేర్పినవాళ్ళ మీద వచ్చింది.

అసలు నా కోపం ఈ రోజుది కాదు. మేడమ్ ముందు కుర్చీలో కూర్చున్నంతసేపూ నాకు మా ఏడో తరగతే కళ్ళముందు ఆడింది.

భిన్నాల భాగహారం చెబుతున్నారు మా సారు. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించాలన్నారు. నేను లేచి "ఎందుకు తిరగేయాలి సార్?" అని అడిగా. "తిరగేయమంటే తిరగేయి" అన్నారు. నాకు నిజంగా అర్థం కాక మళ్ళీ అడిగా. నన్ను తీసుకెళ్ళి వరండాలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. గంట కొట్టేదాకా అక్కడే. గచ్చు మీద ఇసుకరేణువులు మోకాళ్ళలో దిగబడ్డాయి. అటు వెళ్ళే ఎనిమిదో తరగతి అబ్బాయిలంతా చూసి నవ్వారు. ఆ తర్వాత పదో తరగతి అయ్యేవరకూ నేను లెక్కల క్లాసులో ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇంటికొచ్చి ఏడుస్తుంటే మా నాయనమ్మ సంగతేమిటని అడిగింది. బడి మొహం చూడని మనిషి. గిద్ద, సోల, తవ్వ, మానిక, ఈ గింజల కొలతలే ఆమె లెక్కలు. చెప్పాను. వడ్ల డబ్బా మీద ఉన్న మానిక తీసి నా చేతిలో పెట్టింది. "దీన్లో సోలలెన్ని పడతాయే?" అంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు పడతాయన్నా. "సోల మానికలో ఎన్నో వంతు?" నాలుగో వంతు. "మరింకేం! నాలుగో వంతు కొలతతో కొలిస్తే నాలుగు సార్లు వస్తుంది. కొలత ఎంత చిన్నదైతే అన్ని ఎక్కువ సార్లు కొలవాలి." ఒకటిని పావుతో భాగిస్తే నాలుగు. తిరగేయడం ఎందుకో నాకు ఆ రోజు మానిక చేతిలో పట్టుకుంటే తెలిసింది. సారు ఆ ఒక్క ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు పట్టేది కాదు. నన్ను వరండాలో నలభై నిమిషాలు కూర్చోబెట్టారు.

ఇప్పుడు నా కూతురికీ అదే జరుగుతోంది, అది నాకు భరించరాకుండా ఉంది. పోయిన వేసవిలో ఇది ఒకటిని ఏడుతో భాగిస్తూ కూర్చుంది. 0.142857 దాకా వచ్చి మళ్ళీ 142857 మొదలైంది. పేజీ అయిపోయింది, పక్క పేజీకి పోయింది. తర్వాత 2/7 చేసింది. 0.285714. "అమ్మా, అవే అంకెలు, వేరే చోట మొదలయ్యాయి!" అని వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. చేతులకు పిండి ఉన్నా కడుక్కోకుండానే వెళ్ళి చూశా. స్కూలు తెరవగానే ఆ పేజీలు మేడమ్‌కి చూపించింది. "ఇది టెస్టులో రాదు, టైమ్ వేస్ట్ చేయకు" అన్నారట. అప్పట్నుంచి ఆ నోట్సు బీరువా మీదే ఉంది.

ఇప్పుడు ఈ సున్నా. ఇందాక ఇంటికి రాగానే అడిగింది, "అమ్మా, వచ్చే టెస్టులో రెండున్నర వస్తే 2.5 అని రాయనా, 2½ అని రాయనా?" అని. పన్నెండేళ్ళ పిల్ల జవాబు తెలిసి కూడా భయపడుతోంది. రెండూ రాసి మధ్యలో ఈక్వల్ గుర్తు పెట్టమన్నాను. ఈ పేపరు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నా. సోమవారం మళ్ళీ పర్మిషన్ అడిగాను, ఈసారి పూట మొత్తం. ప్రిన్సిపల్ గదిలో కూర్చుని, 1.25కీ 1¼కీ తేడా ఏమిటో కాగితం మీద రాసి చూపించమని అడుగుతా.