శివారు లంకకు ఓటు లేని ఒప్పందాలు

మెడికల్ కాలేజీ శిబిరాలు పెట్టి వైద్యం చేయడానికి మా ఊరికి వస్తుందంటే కోనసీమలో వద్దనేవాళ్లు ఉండరు. కాకినాడ రంగరాయ కాలేజీ 1958 నుంచి ఉంది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కాలేజీలో 2023లో తరగతులు మొదలయ్యాయి. ఎంబీబీఎస్ విద్యార్థులు తొలి ఏడాది నుంచే పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలి, పీజీ వైద్య విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. జాతీయ వైద్య కమిషన్ నిబంధనలివి. మంచివే. నా పేచీ ఒక్కటే: కాలేజీలకూ గోదావరి పాయల మధ్య ఉన్న లంక పల్లెలకూ కుదిరే ఈ పొత్తు ఒప్పందాల్లో పెత్తనం ఎవరిది?

కాలేజీ తన టైంటేబుల్ చూసుకుని బస్సు పంపుతుంది. గోదావరి టైంటేబుల్ వేరు. జూలైలో వరద ఎర్రనీరు దిగితే కనకాయలంక కాజ్‌వే మునుగుతుంది, ఇక రాకపోకలు పడవల మీదే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. లంకలో కాపురం చేసే ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది, వైద్యం వరదకు ముందే అందాలని. నెలలు నిండుతున్నవాళ్ల జాబితా జూన్‌లోనే తయారవ్వాలి. వాళ్లను గట్టు ఇవతల ఎవరింట్లో ఉంచాలో ముందే తేలాలి. బీపీ మాత్రలు నెలకు సరిపడా ఇంట్లో ఉండాలి. కరెంటు పోయాక ఇన్సులిన్ సీసాను ఎక్కడ చల్లగా దాచాలో ఆశా కార్యకర్తకు తెలియాలి. డయాలసిస్‌కు వెళ్లేవాళ్లకు పడవ ఎవరు సిద్ధం చేస్తారో రాసిపెట్టుకోవాలి. ఈ పనుల చిట్టా రాయగలిగేది రేవు దగ్గర బతికేవాళ్లే. వాళ్లు లేని కమిటీలో ఇవి చర్చకే రావు. విద్యార్థి రాసుకున్న బీపీ, షుగర్ అంకెలు లాగ్‌బుక్‌లో మార్కుల దగ్గరే ఆగిపోతే, అతణ్ని అరుగు మీద కూర్చోబెట్టి పరీక్షకు చెయ్యి చాపిన ముసలమ్మకు ఒరిగిందేమిటి?

వైద్యం నిపుణుల పని, సర్పంచిని కూర్చోబెడితే ఊరి రాజకీయాలు చొరబడతాయని అంటారు. ఆ భయం ఉత్తిదేమీ కాదు. అయితే ఏ మందు రాయాలో సర్పంచి చెప్పక్కర్లేదు. శిబిరం ఏ వారం, ఏ రేవులో పెట్టాలి, డబ్బు ముందు దేనికి ఖర్చవ్వాలి అన్నది మాత్రం ఊరే చెప్పాలి.

డెల్టా రైతుకు ఇది తెలిసిన సంగతే. ధవళేశ్వరంలో వదిలిన నీరు శివారు చేలకు చిట్టచివరన చేరుతుంది. అందుకే 1997 చట్టం కాలువ కింది రైతుకు నీటి సంఘంలో ఓటిచ్చింది. 2024 డిసెంబరులో ఆ ఎన్నికలు మళ్లీ జరిగాయి. రెండో పంట దాళ్వాలో నీరు చాలకపోతే వంతులవారీగా పంచుకుంటాం. కాలువ మీద ఓటున్న మనిషికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మీద ఎందుకు లేదు? రాజ్యాంగం 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు ఉద్దేశించిన 29 అంశాల్లో 23వది ఆరోగ్యం, పారిశుద్ధ్యం. ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు అందులోనే ఉన్నాయి. 73వ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. చీపురు పంచాయతీ చేతికొచ్చింది, ఆసుపత్రి మాత్రం పైవాళ్ల దగ్గరే ఉండిపోయింది. ఏ పార్టీ గద్దెనెక్కినా ఈ పిడికిలి సడలలేదు. నా కోపమంతా ఇక్కడే.

ఇకపై రాసే ఏ ఒప్పందంలోనైనా పాలకమండలిలో సగం కుర్చీలు లంక పంచాయతీలకు, ఆశాలకు, డ్వాక్రా మహిళలకు దక్కాలి, అదీ ఓటు హక్కుతో. కాలేజీ రాసుకున్న ప్రతి అంకె, ఆ మనిషి సమ్మతితో, అక్కడి పీహెచ్‌సీకి చేరాలి. తొలి సమావేశం మే నెలలోనే, ఎర్రనీరు రాకముందే, ఒక లంక పంచాయతీ ఆఫీసులో జరగాలి. కాలేజీ పెద్దలే పాయ దాటి రావాలి.