తొమ్మిది అంకెల హెల్ప్‌లైన్

ఇంటర్ రిజల్ట్స్ మళ్లీ దగ్గరపడుతున్నాయి. ఇక రోజూ ఉండేదే. పొద్దున టీవీలో ర్యాంకుల యాడ్లు, సాయంత్రానికి ఏదో ఊరి నుంచి ఒక పిల్లాడి వార్త, ఆ వార్త కింద కనీ కనిపించకుండా ఒక హెల్ప్‌లైన్ నంబరు. అది మోగుతుందో లేదో ఎప్పుడైనా చూశారా? రెండేళ్ల కిందట ఒక రాత్రి దాకా నేనూ చూడలేదు.

అప్పుడు మా అన్నయ్య కొడుకు ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉండేవాడు. (వాడిని అడిగే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను.) రాత్రి పదకొండున్నర దాటాక తెలియని నంబరు నుంచి ఫోన్. రూమ్మేట్ ట్రంకుపెట్టెలో దాచుకున్న ఫోన్ అది. "బాబాయ్, పడుకున్నావా?" అన్నాడు. ఏంట్రా అంటే ఊరికే అంటాడు. కాసేపు మాట్లాడడు. తర్వాత "అమ్మని బాగా చూసుకోండి" అన్నాడు.

ఆ మాటతో నాకు చెమటలు పట్టేశాయి. ఫోన్ మా ఆవిడ చేతికిచ్చి, ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండు, పెట్టేయనివ్వకు అని సైగ చేసి, తన ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. మొదటి నంబరు మనుగడలో లేదంది. రెండోది ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకేనట. మనసు ఆఫీసు టైము చూసుకుని పాడవుతుందా? మూడోది ఎత్తారు, కానీ హిందీ. నా హిందీ ఆటోవాడితో బేరానికి సరిపోతుంది, ఇలాంటి మాటకి సరిపోదు.

నాలుగోది 14416. భాష ఎంచుకోమంది, తెలుగు నొక్కాను. కొంచెంసేపు ఆగాక ఒకావిడ ఎత్తింది. నేను కంగారులో వాడి మార్కుల దగ్గర్నుంచి చెప్పుకొస్తుంటే ఆపి, "అబ్బాయి పక్కన ఇప్పుడు ఎవరున్నారండీ?" అని అడిగింది. అంత చిన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. రూమ్మేట్‌ని నిద్ర లేపి పక్కన కూర్చోమనాలి, తలుపు తీసి ఉంచాలి, ఒంటరిగా వదలకూడదు, ఏదైనా చేసేలా ఉంటే ఇక ఆగకుండా 108కి చేయాలి అని వరసగా చెప్పింది. ఆ తర్వాత, "చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి" అంది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవదా అన్నాను. అవదండీ, అడిగితే వాళ్లకి చెప్పుకునే దారి దొరుకుతుంది అంది.

అడిగాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "ఊఁ" అన్నాడు. ఆ తర్వాత ఏడ్చాడు.

వార్డెన్ ఫోన్ ఎత్తలేదు. రూమ్మేట్ మాత్రం, పదిహేడేళ్ల పిల్లాడు, నేను బండేసుకుని రాత్రి రెండింటికి అక్కడికి చేరేదాకా వాడి మంచం మీదే కూర్చున్నాడు.

పొద్దున్నే పెద్దాసుపత్రికి బయల్దేరుతుంటే మా వదిన ఒకటే గొడవ, పోలీసు కేసవుతుందేమో అని. ఈ భయంతో ఎంతమంది ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్నారో! 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో 115వ సెక్షన్ అని ఒకటుంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వమే చికిత్స చూడాలి అంటుంది. అలాంటి ప్రయత్నం జరిగి ఆసుపత్రికి తీసుకెళ్తే మెడికో లీగల్, అంటే పోలీసులకూ తెలియజేసే కేసు అని రాసుకోవచ్చు, దాని అర్థం ఆ మనిషిని జైల్లో పెడతారని కాదు. మావాడు ప్రయత్నం దాకా కూడా వెళ్లలేదు. పెద్దాసుపత్రిలో మామూలు ఓపీ చీటీ మీదే డాక్టర్ చూశారు.

అయినా తప్పు వదినది కాదు. చిన్నప్పటి నుంచీ మనం తిట్టుకునే తిట్లేంటి? "నిన్ను ఎర్రగడ్డలో పడేయాలి", "వైజాగ్ పంపిస్తే గానీ కుదరవు". ఉన్న ఆసుపత్రులనే తిట్టుగా మార్చుకుని, తీరా అవసరం వచ్చాక అక్కడికి వెళ్లమంటే ఎవరు వెళ్తారు?

అసలు నా కోపం ఇక్కడ. మావాడి సామాను ఖాళీ చేయడానికి వెళ్లినప్పుడు మెస్ దగ్గర చేతులు కడుక్కునే చోట ఒక రంగుల పోస్టర్ చూశాను. "నీకు మేమున్నాం" అని, కింద హెల్ప్‌లైన్. నంబరు కొట్టబోతే ఏదో తేడాగా ఉంది. లెక్కపెట్టాను, తొమ్మిదే అంకెలు. ఆఫీసులో చెబితే "ప్రింటింగ్ మిస్టేక్ సార్" అన్నారు. ఆ పోస్టర్ అక్కడ ఎంతకాలంగా ఉందో గానీ ఫీజు కట్టే బ్యాంకు అకౌంట్ నంబరులో ఒక్క అంకె పోతే సాయంత్రంలోగా సరిచేసేవాళ్లు కదా! ఆ పోస్టర్ పిల్లల కోసం పెట్టింది కాదు, ఎవరైనా తనిఖీకి వస్తే చూపించడానికి పెట్టింది.

పేపర్లు, ఛానళ్లు, కాలేజీలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, మీరెవరైనా సరే, నంబరు వేసే ముందు ఒక్కసారి చేసి చూడండి. మోగుతుందా, రాత్రిపూట ఉంటుందా, తెలుగు మాట్లాడతారా. ఈ మూడూ తెలుసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. సికింద్రాబాద్‌లో రోష్నీ లాంటి స్వచ్ఛంద సంస్థలు ఏళ్ల తరబడి ఓపిగ్గా మాటలు వింటున్నాయి, కాదనను. కానీ వాలంటీర్లతో నడిచేవాటికి వేళలుంటాయి. ఆ వేళలు కూడా పక్కనే వేయండి.

108 హైదరాబాద్‌లో 2005లో మొదలైంది. ఇప్పుడు పొలంలో కలుపు తీసే ముసలమ్మకి కూడా అది తెలుసు. టెలీ మానస్ అని కేంద్రం పెట్టిన ఈ 14416 మొదలైంది 2022 అక్టోబరు 10న. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు పడవు. అయినా మా ఆఫీసులో నలుగురిని అడిగితే ఒక్కరికీ తెలియదు. పక్కవాళ్ల పిల్లాడి కోసం మనం కూడా చేయొచ్చని అసలే తెలియదు. అమెరికాలో ఉన్న పిల్లలకైతే 988. వాళ్ల ఫోన్లో అది ఉందో లేదో ఈ ఆదివారం వీడియో కాల్లో అడగండి, కూర ఏం వండుకున్నావని అడిగాక.

ఫోన్లో సేవ్ చేయడం బద్ధకమైతే గుర్తుపెట్టుకోవడం తేలికే. 144 సెక్షన్, పక్కన పదహారు. ఈ గుర్తు చెప్పింది మావాడే. ఇప్పుడు డిగ్రీ సెకండియర్ చదువుతున్నాడు. ఇంటర్ మ్యాథ్స్ ఫార్ములా ఒక్కటి కూడా గుర్తులేదంటాడు.